పాత మైదానం వదిలి కొత్త స్టేడియానికి వెళ్తే క్లబ్‌కు నిజంగా ఒరిగేదేమిటి?

నీలిచొక్కా
ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ నగరపు ఫుట్‌బాల్ క్లబ్ ఎవర్టన్ పురుషుల జట్టు 2025 మే 18న తన పాత మైదానం గుడిసన్ పార్క్‌లో చివరి మ్యాచ్ ఆడింది. సౌతాంప్టన్‌పై 2-0, రెండు గోల్సూ ఎన్‌డియాయేవే. ఆగస్టు 24న బ్రామ్లీ-మూర్ డాక్‌లోని కొత్త స్టేడియంలో బ్రైటన్‌పై మళ్లీ 2-0, తొలి గోల్ మళ్లీ అతనిదే. కాగితం మీద ఏమీ మారలేదు. కానీ టీవీలో చూస్తుంటే నాకు వేరే ఎవరి ఇంట్లోనో కూర్చున్నట్లు అనిపించింది. 1892 నుంచి ఉన్న చోటు అది. 1966 ప్రపంచకప్‌లో ఉత్తర కొరియా మూడు గోల్స్ ముందుండగా యూసేబియో ఒక్కడే నాలుగు కొట్టి పోర్చుగల్‌ను 5-3తో గెలిపించింది అక్కడే. ఇప్పుడేమో ఎల్‌ఈడీ తెరలు, మెత్తటి సీట్లు, ఏ నగరంలోనైనా కనిపించే గాజూ ఉక్కూ. ప్రతి పాత క్లబ్బూ ఇదే దారి పడుతోంది. ఇందులో లాభం ఎవరికి? నాకొక్కడికేనా ఈ బాధ?

ఆఫ్‌సైడ్_అప్పారావు
39 వేల మంది పట్టే చోటు నుంచి 52 వేల పైచిలుకు పట్టే చోటుకు వెళ్లారు. సీజన్ టికెట్ కోసం ఏళ్ల తరబడి జాబితాలో పేరు రాయించుకుని కూర్చున్నవాళ్లను అడగండి, లాభం ఎవరికో చెబుతారు.

మూలజెండా
గాజూ ఉక్కూ అనే ముందు బయటి గోడలు చూడండి నీలిచొక్కా గారూ. కింది భాగమంతా ఇటుకే. ఆ ఇటుకల్లో పాతకాలపు గ్యాలరీల రూపశిల్పి ఆర్కిబాల్డ్ లీచ్ అడ్డగీతల నమూనా కూడా వేశారు. గుడిసన్ బుల్లెన్స్ రోడ్ గ్యాలరీ ముఖం మీద ఉన్నదే అది.

నీలిచొక్కా
చూశాను. తాతగారి ఫొటోకు దండ వేసినట్లుంది.

లెక్కలమాస్టారు
"ఇదే దారి పడుతోంది" అన్నారు. ఆ దారి ఎవరు వేశారో కూడా చెప్పుకోవాలి. 1985 మే 11న బ్రాడ్‌ఫర్డ్‌లో పాత చెక్క గ్యాలరీ అంటుకుని 56 మంది చనిపోయారు. 1989 ఏప్రిల్ 15న హిల్స్‌బరోలో జరిగిన తొక్కిసలాట మొత్తం 97 మందిని బలి తీసుకుంది. దానిపై విచారణ జరిపిన లార్డ్ టేలర్ తుది నివేదిక 1990 జనవరిలో వచ్చింది. పై రెండు డివిజన్ల మైదానాల్లో నిలబడి చూసే మెట్లు తీసేసి అందరికీ సీట్లు వేయాలన్నారు, 1994-95 సీజన్ నాటికి.

ఇప్పుడు ఒక పాత మైదానాన్ని ఊహించుకోండి. చుట్టూ ఇళ్లు, మధ్యలో ఇరికించి కట్టిన నాలుగు గ్యాలరీలు. నిలబడితే ఇద్దరు పట్టే చోట సీటు వేస్తే ఒక్కరే. సౌతాంప్టన్ ‘ద డెల్’ మైదానంలో చివరికి 15 వేల మందే పట్టేవారు. అగ్రశ్రేణి లీగ్‌లో 15 వేల టికెట్లతో నెట్టుకురావడం ఎలా? అందుకే 2001లో వదిలేశారు. 1995లో మిడిల్స్‌బరో ఎయిర్‌సమ్ పార్క్ వదిలింది. 1997 ఒక్క ఏడాదిలోనే సండర్‌ల్యాండ్, డర్బీ, బోల్టన్, స్టోక్ నాలుగూ మారాయి. ఆ క్లబ్బులేవీ సరదాపడి మూటాముల్లె సర్దలేదు. జనం ప్రాణాలు పోయిన తర్వాత కదిలాయి. పాత మైదానాల మీద మమకారం నాకూ ఉంది, కానీ ఈ సంగతి పక్కనపెట్టి మాట్లాడుకుంటే అది ఉత్త జ్ఞాపకాల ఊరేగింపు.

తూర్పుగ్యాలరీ
చదువుకునే రోజుల్లో లివర్‌పూల్‌లో ఉన్నాను. గుడిసన్‌లో బుల్లెన్స్ రోడ్ వైపు పై అంతస్తులో చవక టికెట్ దొరికేది. దొరకడానికి కారణం సీటు ముందున్న ఇనుప స్తంభం. చెక్క సీటు, మోకాళ్లు ముందు వరుసకు ఆనుకుంటాయి. స్తంభం అడ్డం వల్ల ఒక గోల్ ముందు సగం పెనాల్టీ బాక్సు కనిపించదు. పక్క సీటు పెద్దాయనకు అదేమీ పట్టేది కాదు. బంతి ఆ సగంలోకి వెళ్లగానే మైదానం వైపు చూడటం మానేసి గోల్ వెనుక గ్యాలరీ వైపు తల తిప్పేవాడు. అక్కడి ముందు వరుసలు లేస్తే కార్నర్, వెనుక వరుసలు కూడా లేస్తే గోల్ వచ్చినట్లే. ఆయన లెక్క దాదాపు తప్పేది కాదు.

మైదానం మూలలో సెయింట్ ల్యూక్స్ చర్చి గ్యాలరీకి ఆనుకుని ఉంటుంది. పోయిన అభిమానుల చితాభస్మాన్ని పచ్చిక అంచుల్లో కలిపేవారు. చోటు చాలక చివరికి క్లబ్ ఆ పని ఆపేసింది. ఎవర్టన్ పాత గోల్స్ వీరుడు డిక్సీ డీన్ అంతటివాడు 1980లో లివర్‌పూల్‌తో మ్యాచ్ చూస్తూ అక్కడే ప్రాణం విడిచాడు. ఇవన్నీ కొత్త చోటుకు లారీలో ఎక్కించి తీసుకెళ్లేవి కావు. అయినా సరే, ఆ స్తంభం వెనుక సీటును నేను మిస్ అవుతున్నానా అంటే, అబ్బే.

ఎర్రఫిరంగి
మా ఆర్సెనల్ కథ ఎవరూ ఎత్తలేదేమిటి? 1913 నుంచి హైబరీలో ఉన్నాం. 38 వేల మంది పట్టేవారు. 2006లో చివరి మ్యాచ్‌లో విగన్‌పై ఆన్రీ హ్యాట్రిక్ కొట్టి మోకాళ్ల మీద వంగి పచ్చికను ముద్దుపెట్టుకున్నాడు. అక్కడినుంచి కూతవేటు దూరంలో 60 వేల మందికి ఎమిరేట్స్ స్టేడియం కట్టుకున్నాం. ఖర్చు 390 మిలియన్ పౌండ్లు.

టికెట్ల డబ్బు దండిగా వస్తుంది, పెద్ద క్లబ్బులతో సమానంగా ఆటగాళ్లను కొనవచ్చు అన్నారు. జరిగింది తలకిందులు. అప్పు వాయిదాలు కట్టడానికి ఉన్నవాళ్లను అమ్ముకుంటూ బతికాం. 2011లో ఫాబ్రెగాస్, నస్రి. 2012లో కెప్టెన్ వాన్ పెర్సీని తీసుకెళ్లి మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో పెట్టాం, మర్నాటి ఏడాదే వాళ్లు లీగ్ గెలిచారు. 2005 ఎఫ్‌ఏ కప్ తర్వాత మళ్లీ కప్పు చూసింది 2014లో. మేము గేటు దగ్గర పౌండ్లు లెక్కపెట్టుకుంటున్న సమయంలో టీవీ హక్కుల డబ్బూ, చెల్సీ, మాంచెస్టర్ సిటీ యజమానుల సొంత డబ్బూ వచ్చి ఆటనే మార్చేశాయి. స్టేడియం కట్టడం తప్పు కాదు. కట్టినంత కాలం పక్కింటివాళ్లు ఆగి ఉంటారని అనుకోవడమే తప్పు.

ఆఫ్‌సైడ్_అప్పారావు
హైబరీ ఇప్పుడు అపార్ట్‌మెంట్లు కదా? పచ్చిక ఉన్న చోట తోట.

ఎర్రఫిరంగి
అవును. తూర్పు గ్యాలరీ ముఖభాగం వారసత్వ కట్టడం కాబట్టి పడగొట్టనివ్వలేదు. బయటినుంచి చూస్తే ఇప్పటికీ మ్యాచ్ ఉందేమో అనిపిస్తుంది. లోపల ఎవరో బట్టలు ఆరేసుకుంటూ ఉంటారు.

గోడచాటు_గోలీ
మీకు కనీసం ఫుట్‌బాల్ కోసం కట్టిన స్టేడియం దక్కింది. వెస్ట్‌హామ్ వాళ్లను తలుచుకోండి. 1904 నుంచి ఆడిన అప్టన్ పార్క్‌లో గ్యాలరీ ముందు వరుస నుంచి చెయ్యి చాస్తే త్రో వేసే ఆటగాడి చొక్కా అందేది. 2016లో అక్కడినుంచి లండన్ ఒలింపిక్స్ స్టేడియానికి. 99 ఏళ్ల లీజు. పచ్చికకూ జనానికీ మధ్య పరుగుపందేల ట్రాక్ వెడల్పంత ఖాళీ. ట్రాక్ మీదికి జరిపే సీట్లు వేశారు, అయినా ఆ ఎడం పూడలేదు. 2018 మార్చిలో బర్న్లీ చేతిలో 3-0తో ఓడుతుండగా అభిమానులు మైదానంలోకి దిగి యజమానులు కూర్చున్న వైపు తిరిగి అరిచిన దృశ్యం గుర్తుందా? ఆ కోపం ఒక్క ఓటమిది కాదు.

రెండోసగం
ఒప్పుకోను. మాంచెస్టర్ సిటీ కూడా అథ్లెటిక్స్ కోసం కట్టిన స్టేడియానికే వెళ్లింది. 2002 కామన్వెల్త్ క్రీడలు అవగానే ట్రాక్ పీకేసి, నేలను తవ్వి కిందికి దించి, అక్కడ ఇంకో వరుస గ్యాలరీ దింపారు. 2003లో మెయిన్ రోడ్ వదిలి వెళ్లేసరికి అది ఫుట్‌బాల్ మైదానం. లండన్‌లో ట్రాక్ ఉండి తీరాలన్నారు, అదీ తేడా. గడ్డపార ఎప్పుడు వేశారన్నదే విషయం.

గోడచాటు_గోలీ
మీరు చెప్పింది నా మాటే కదా, ఒప్పుకోను అంటారేమిటి!

మూలజెండా
గ్యాలరీల నిర్మాణ డ్రాయింగులు గీసే పని నాది. కాబట్టి కొంచెం విసిగిస్తాను.

పాత మైదానాల్లో జనం ఆట మీద వాలి ఉన్నట్లు ఎందుకు అనిపిస్తుందంటే, తూర్పుగ్యాలరీ గారు తిట్టుకున్న ఆ స్తంభాల వల్లే. స్తంభం ఉంటే పై అంతస్తును కింది అంతస్తు నెత్తిన పెట్టవచ్చు. పై వరుసలో ఉన్నవాడు కూడా పచ్చికకు దగ్గరగానే ఉంటాడు. స్తంభం వద్దంటే పై కప్పునూ పై అంతస్తునూ వెనుక నుంచి మోయాలి, అంటే పై అంతస్తు వెనక్కి జరుగుతుంది. దానికి తోడు ఇప్పటి నిబంధనలు: మోకాళ్లకు చోటు, వెడల్పు మెట్లు, చక్రాల కుర్చీలకు వేదికలు, తొందరగా బయటపడే దారులు. ప్రతిదీ న్యాయమైనదే, ప్రతిదీ ఓ అడుగు వెనక్కి నెట్టేదే.

సరిపోనట్లు రెండు అంతస్తుల మధ్య చుట్టూ అతిథుల గదులు. గాజు తలుపుల వెనుక భోజనం చేసేవాళ్లు పాట పాడరు. కింది అంతస్తులో మొదలైన పాట ఆ గదుల దగ్గర తెగిపోతుంది. ఎమిరేట్స్‌లో మొదట్లో జరిగింది ఇదే. టాటెన్‌హామ్ అది చూసి నేర్చుకుంది. 2019లో తెరిచిన కొత్త స్టేడియంలో దక్షిణం వైపు 17,500 మందిని మధ్యలో ఎక్కడా తెగకుండా ఒకే వాలులో కూర్చోబెట్టారు. దానికి ప్రేరణ జర్మనీలోని డార్ట్‌మండ్ మైదానంలో ‘పసుపు గోడ’ అనే గ్యాలరీ, అక్కడ 25 వేల మంది దాకా ఒకే వాలులో నిలబడతారు. ఎవర్టన్ కూడా కొత్తచోట దక్షిణం వైపు ఒకే వాలు గ్యాలరీ కట్టింది. కొత్తదంటే నిశ్శబ్దం అని కాదు. అతిథుల గదులు ఎక్కడ పెట్టారో చూడాలి.

నీలిచొక్కా
ఈ ఒక్క పోస్టు కోసమైనా నా గోడు వెళ్లబోసుకోవడం మంచిదైంది.

రెండోసగం
శబ్దం సంగతి సరే, శాపం సంగతి? సౌతాంప్టన్ 2001లో సెయింట్ మేరీస్‌కు వెళ్లాక ఎంతకీ గెలవలేదు. పాత సమాధుల స్థలమని ఒకరు, పనివాళ్లలో ప్రత్యర్థి క్లబ్ పోర్ట్స్‌మత్ అభిమాని ఎవడో చొక్కా పాతిపెట్టాడని ఇంకొకరు పుకార్లు. చివరికి ఒక మంత్రగత్తెను పిలిపించి మైదానంలో శాంతి చేయించారు. తర్వాతి మ్యాచ్‌లో చార్ల్‌టన్‌పై 1-0.

ఆఫ్‌సైడ్_అప్పారావు
ఆవిడకు శిక్షకురాలిగా ఒప్పందం ఇవ్వాల్సింది.

గోడచాటు_గోలీ
ద డెల్‌లో ఆఖరి లీగ్ గోల్ మాత్రం సౌతాంప్టన్ ఆటగాడు లె టిస్సియేది. 2001 మేలో ఆర్సెనల్‌పై, ఆట చివర్లో. శాపం ఉంటే అలాంటి మైదానం వదిలినందుకే తగిలి ఉంటుంది.

ఎర్రఫిరంగి
ఆ గోల్ గుర్తు చేయకండి.

దస్తావేజు_దాసు
మీరందరూ పైకప్పు, పాట, స్తంభం అంటున్నారు. నేను చూసేది ఒకటే: స్థలం ఎవరి పేరున ఉంది?

బ్రైటన్ గోల్డ్‌స్టోన్ మైదానాన్ని అప్పటి పెద్దలు 1995లో అమ్మేశారు, వేరే చోటు చూసుకోకుండానే. 1997లో జట్టు అక్కడినుంచి కదలాల్సి వచ్చింది. రెండేళ్లు ఎక్కడో కెంట్‌లోని గిల్లింగ్‌హామ్‌కు వెళ్లి ‘సొంత’ మ్యాచ్‌లు ఆడారు. తర్వాత 2011 వరకు విత్‌డీన్ అనే అథ్లెటిక్స్ మైదానం. కవెంట్రీ 1899 నుంచి ఉన్న హైఫీల్డ్ రోడ్ వదిలి 2005లో కొత్త స్టేడియానికి వెళ్లింది, అయితే అది క్లబ్బుది కాదు. అద్దె తగాదా ముదిరి 2013-14లో నార్తాంప్టన్‌లో, తర్వాత 2019 నుంచి 2021 దాకా బర్మింగ్‌హామ్‌లో ఆడారు. నగరంలో పెద్ద స్టేడియం ఉంది, జట్టు మాత్రం ఊరు విడిచి తిరిగింది. వింబుల్డన్ 1991లో ప్లవ్ లేన్ వదిలి సెల్‌హర్స్ట్ పార్క్‌లో అద్దెకు దిగింది. సొంత మైదానం లేని క్లబ్బును ఎక్కడికైనా ఎత్తుకుపోవచ్చు, 2003లో మిల్టన్ కీన్స్‌కు ఎత్తుకుపోయారు. అభిమానులు 2002లోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ పేరుతో వేరే క్లబ్ పెట్టుకుని, అట్టడుగు లీగ్‌ల నుంచి పాక్కుంటూ వచ్చి, 2020 నవంబరులో ప్లవ్ లేన్‌లోనే కొత్త మైదానం తెరిచారు.

దీనికి ఎదురు ఉదాహరణ చెల్సీ. దాని మైదానం స్టాంఫర్డ్ బ్రిడ్జ్ స్థలం అభిమానులు వాటాదారులుగా ఉన్న చెల్సీ పిచ్ ఓనర్స్ చేతిలో ఉంది. 2011లో క్లబ్ ఆ స్థలాన్ని తిరిగి కొనుక్కుంటామంది. 75 శాతం ఓట్లు కావాలి, రాలేదు. అప్పటి యజమాని అబ్రమోవిచ్ అంతటి ధనవంతుడు అక్కడ ఆగిపోయాడు.

ఎర్రఫిరంగి
ఎవర్టన్ కథ కూడా అద్దె కథే కదా! గుడిసన్‌కు ముందు వాళ్ల మైదానం ఆన్‌ఫీల్డ్. స్థలం వ్యవహారం జాన్ హౌల్డింగ్ చేతిలో ఉండేది. అద్దె పెంచాడని 1892లో గొడవపడి గుడిసన్‌కు వెళ్లిపోయారు. ఖాళీ మైదానం చేతిలో మిగిలిపోయి ఆయన ఒక కొత్త క్లబ్ పెట్టుకున్నాడు. దాని పేరు లివర్‌పూల్.

నీలిచొక్కా
ఈ చర్చలో ఎవరో ఒకరు ఇది ఎత్తుతారని ఎదురు చూస్తూనే ఉన్నాను.

ఆఫ్‌సైడ్_అప్పారావు
చరిత్రలో అత్యంత ఖరీదైన ఇల్లు ఖాళీ చేయడం.

లెక్కలమాస్టారు
దాసు గారి మాటకు సగం మద్దతు. సొంతదైనా తాహతుకు మించితే అదీ ఉరే. డార్లింగ్టన్ 2003లో 25 వేల సీట్ల స్టేడియం కట్టుకుంది, వచ్చేది దానిలో పదో వంతు జనం. కొద్ది నెలల్లోనే దివాలా ప్రక్రియ, తర్వాత మళ్లీ మళ్లీ. లెస్టర్ కూడా 2002లో కొత్త స్టేడియం, రెలిగేషన్ (కింది డివిజన్‌కు పడిపోవడం), దివాలా ప్రక్రియ మూడూ ఒకే ఏడాదిలో చూసింది, తట్టుకుని నిలిచింది.

ఎవర్టన్ సంగతే తీసుకోండి. క్లబ్ నష్టాలు ఒక హద్దు దాటకూడదన్న అప్పటి లీగ్ నిబంధనలో స్టేడియం కట్టే ఖర్చును మినహాయించేవారు. కానీ స్టేడియానికి ముడిపడిన వడ్డీని ఏ పద్దులో చూపాలన్నది పెద్ద వాదన అయింది. కమిషన్ వినలేదు. 2023 నవంబరులో 10 పాయింట్లు కోశారు, అప్పీలులో 6కి తగ్గించారు, తర్వాత వేరే కేసులో మరో 2. మైదానం మారకముందే డివిజన్ మారేవాళ్లు.

రెండోసగం
ఇప్పుడు స్టేడియానికి న్యాయవాద సంస్థ పేరే పెట్టుకున్నారుగా. ముందుజాగ్రత్త.

తూర్పుగ్యాలరీ
ఎవరూ చెప్పనిది ఇంకొకటి, ఇంటికి వెళ్లడం. పాత మైదానం వీధుల మధ్య ఉంటుంది. ఆట అవగానే జనం ఇరవై సందుల్లోకి విడిపోయి పావుగంటలో మాయమవుతారు. మొన్న ఒక కొత్త స్టేడియానికి వెళ్లాను, ఎక్కడన్నది వదిలేయండి. అంతమందికీ ఒకటే స్టేషన్, ఒకటే రోడ్డు. ఇనుప కంచెల మధ్య మలుపులు తిరుగుతూ గంటసేపు నడక. అది తప్పించుకోవడానికి 80వ నిమిషానికే మా వరుసలో సగం సీట్లు ఖాళీ. మా జట్టు 88లో సమం చేసింది. లేచి ఎవరిని కౌగిలించుకోవాలో తెలియక చుట్టూ చూశాను.

మూలజెండా
వీధుల మధ్య ఉన్న మైదానాన్ని పెంచాలన్నా ఎవరో ఒకరి ఇల్లు పోవాలి. లివర్‌పూల్ స్టాన్లీ పార్క్‌లో కొత్త స్టేడియం కట్టే ఆలోచన 2012లో మానేసి ఆన్‌ఫీల్డ్‌నే పెంచింది, ఇప్పుడు 61 వేలు. భేష్ అంటారు అందరూ. మెయిన్ స్టాండ్ వెనుక వీధుల్లో ఏళ్ల తరబడి ఇళ్లు ఖాళీగా పాడుపడి, చివరికి కూల్చేసిన సంగతి అక్కడివాళ్లను అడగాలి.

గోడచాటు_గోలీ
బాగా మారినవాళ్లు లేరా అంటే, స్పెయిన్‌లోని బిల్బావో క్లబ్. 1913 నాటి శాన్ మామెస్ పక్కనే కొత్తది కట్టారు. 2013 సెప్టెంబరులో మూడు గ్యాలరీలతోనే తెరిచారు, నాలుగోది కట్టాల్సిన చోట పాత మైదానం ఉంది మరి. దాన్ని పడగొట్టాక పూర్తిచేశారు. పేరు అదే, వీధి అదే, మ్యాచ్‌కు ముందు ఆగే చోట్లు అవే. పాత గ్యాలరీ మీది ఉక్కు తోరణాన్ని శిక్షణ కేంద్రంలో నిలబెట్టారు.

రెండోసగం
ఇటలీలో యువెంటస్ కూడా. 1990 నాటి డెల్లె ఆల్పీకి ట్రాక్ ఉండేది, సగం ఖాళీగా ఉండేది, ఎవరికీ నచ్చలేదు. దాన్ని కూల్చి అదే చోట 2011లో 41 వేల సీట్లతో చిన్నది కట్టుకున్నారు. అందరూ పెద్దది కడుతుంటే వీళ్లు తగ్గించుకున్నారు. ఆ వెంటనే వరుసగా తొమ్మిది లీగ్‌లు.

ఎర్రఫిరంగి
తొమ్మిది లీగ్‌లూ సీట్లు గెలిచినట్లు చెబుతున్నారే! పిర్లో అనే ఆయన ఒకడు ఆ ఏడాదే వచ్చాడు.

లెక్కలమాస్టారు
వీడ్కోలైనా దక్కనివాళ్లు బ్రెంట్‌ఫర్డ్. నాలుగు మూలలా నాలుగు పబ్బులున్న గ్రిఫిన్ పార్క్‌లో 2020 జులైలో చివరి మ్యాచ్ ఆడారు. కరోనా వల్ల లోపల ప్రేక్షకుడు లేడు. 1904 నుంచి ఉన్న మైదానం.

నీలిచొక్కా
ఆ లెక్కన మేము నయం. గుడిసన్‌ను పడగొట్టే ఆలోచన మాని మహిళల జట్టుకు ఇచ్చారు. పురుషుల జట్టు వెళ్లిపోయినా లోపల లీగ్ ఫుట్‌బాల్ ఉంది. అయినా నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. నదీతీరంలో అంత ఖర్చుపెట్టి కట్టారు, ఆ డబ్బు జట్టులో ఎప్పుడు కనిపిస్తుంది? ఎర్రఫిరంగి గారి లెక్క ప్రకారం తొమ్మిదేళ్లా?

ఎర్రఫిరంగి
మీకు కప్పు లేక ఎన్నేళ్లయింది? 1995 కదా. తొమ్మిదేళ్లు మీకు లెక్కేమిటి.

ఆఫ్‌సైడ్_అప్పారావు
ఇది ఎర్రకార్డు.

దస్తావేజు_దాసు
మాంచెస్టర్ యునైటెడ్ 2025 మార్చిలో లక్ష సీట్ల స్టేడియం బొమ్మ విడుదల చేసింది. 1910 నుంచి ఉన్న ఓల్డ్ ట్రాఫర్డ్ పక్కనే కడతారట. ఇటలీలో మిలాన్, ఇంటర్ క్లబ్బులు తాము ఆడే శాన్ సిరో స్టేడియాన్ని నగరపాలక సంస్థ నుంచి కొని పక్కన కొత్తది కట్టే పనిలో ఉన్నాయి. ఈ రెండింటిలో నాకు మిలాన్ పద్ధతే నచ్చింది, ముందు స్థలం రాయించుకున్నారు.

గోడచాటు_గోలీ
శాన్ సిరోను చాలావరకు కూల్చడానికి రాయించుకున్నారు. అది నచ్చడమేమిటి దాసు గారూ? ఆ గుండ్రటి బురుజులు ఇంకెక్కడ చూస్తాం?

దస్తావేజు_దాసు
బురుజుల మీద ప్రేమ ఉంటే మీరే కొనాల్సింది. రెండు క్లబ్బులూ దశాబ్దాలుగా అద్దెకున్నాయి, ఒక గోడకు మేకు కొట్టాలన్నా అనుమతి అడగాల్సి వచ్చేది.

గోడచాటు_గోలీ
అద్దెకుంటూనే వాళ్లిద్దరూ కలిపి పది యూరోపియన్ కప్పులు గెలిచారు. దానికేమంటారు?